మా మామ ఎప్పటిదాకా ఎమ్మెల్యే? – ఒక ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరిగిన నా అనుభవం

ఇది పోయిన ఏడాది సంగతి. మా మేనమామ చనిపోయినంక అత్తమ్మకు ఫ్యామిలీ పెన్షన్ రావాలె, దానికోసం నేను మూడు నెలలు తిరిగిన. మామ మాజీ ఎమ్మెల్యే. ఒక్కసారే గెలిచిండు, 1983లో. ఏ నియోజకవర్గమో రాయను, రాస్తే మనిషెవరో తెలిసిపోతది, బతికున్నప్పుడే ఆయనకు పేపర్లో పేరు పడితే సిగ్గు. సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఊర్లు మావి అని మటుకు చెప్త, ఎందుకంటే కథంత ఆ కాలువ మీదనే నడుస్తది.

పెన్షన్ ఇదివరకు ఆయనకు వస్తున్నదే, ఇప్పుడు భార్య పేరు మీదికి మారాలె, అంతే కదా ఇందులో ఏముంది అనుకున్న. డెత్ సర్టిఫికెట్, అత్తమ్మ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఇద్దరు కలిసి దిగిన ఫోటో, తహసీల్దార్ దగ్గర తెచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కిన. ఏ ఆఫీసుకు పోయిన్నో చెప్పను. అక్కడి సీట్లో ఉన్న పిల్లగాడు మంచోడే, నా రాతల వల్ల వానికి తలనొప్పి ఎందుకు.

ఆ పిల్లగాడు కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిప్పి, సార్ రెండు చిక్కులున్నయ్ అన్నడు. ఒకటి, పాత పెన్షన్ కాగితంలో అత్తమ్మ పేరు చివర 'అమ్మ' ఉంది, ఆధార్‌లో లేదు. రెండోది నేను అస్సలు ఊహించలేదు. "సార్, ఒక కాగితంలో 83 నుంచి 84 అని ఉంది, ఇంకో దాంట్లో 83 నుంచి 85 అని ఉంది. మీ మామయ్యగారు ఎప్పటిదాకా ఎమ్మెల్యే?"

నాకు నోట మాట రాలే. ఎందుకంటే ఆ రోజుల్లో మామకు పీఏను నేనే. సర్కారు జీతం లేని పీఏను లెండి, డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోయి ఖాళీగ తిరుగుతుంటే మా అమ్మ తమ్ముడి దగ్గరికి తోలింది. ఆయన ఏ రోజు ఏం తిన్నడో కూడా చెప్పగలుగుత గాని, ఎమ్మెల్యేగిరి ఏ తారీఖున అయిపోయిందంటే చెప్పలేకపోయిన. తెలుసుకుని వస్త బాబూ అని చెప్పి బయటపడ్డ.

వచ్చేటప్పుడు మెట్రో అసెంబ్లీ స్టేషన్ల ఆగింది. పైనుంచి చూస్తే తెల్ల బిల్డింగు మంచిగ కనపడ్తది. అది 1913లో టౌన్‌హాల్‌గా తయారైంది, ఆరో నిజాం నలభై ఏళ్ళ పుట్టినరోజు గుర్తుగా జనం కట్టించింది. మామ కూర్చున్నది ఆ పాత హాల్లోనే. పక్కన కొత్త హాలు కట్టి 1985 ఆఖర్ల తెరిచే టైంకు మామ మాజీ అయిపోయి ఊర్లో నారుమడి దున్నుతున్నడు.

సరే మొదటి నుంచి చెప్త.

మామకు పద్దెనిమిది ఎకరాలు, అందులో పదకొండు కాల్వ కింద. చదువు హెచ్చెస్సీ. ఊరి సొసైటీకి ప్రెసిడెంటు చేసిండు, రాజకీయం అంటే అంతే. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పార్టీ పెడ్తున్నట్టు హైదరాబాద్ కొత్త ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ప్రకటించినప్పుడు ఊర్లో ఎవరూ సీరియస్‌గ తీసుకోలే. తర్వాత ఆయన ప్రచారం వ్యాను ఊర్లు తిరగడం మొదలైనంక మా దిక్కు కూడా గాలి మారింది. రాత్రి పదింటికి వస్తడంటే తెల్లారి నాలుగింటికి వచ్చేటోడు, అయినా ఆడోళ్ళు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద అట్లనే కూర్చుండేది. టికెట్లు ఎక్కువ కొత్తోళ్ళకే ఇచ్చిండ్రు. మామకు ఎట్ల వచ్చిందో ఆయనకే తెల్వదు, 'సొసైటీ లెక్కలు సాఫుగ ఉన్నయని ఎవరో చెప్పిండ్రట' అనేటోడు. డిపాజిట్ రెండొందల యాభై రూపాయలు అప్పుడు, వడ్లు అమ్మిన పైసల్లో నుంచి తీసి కట్టిండు. ఆ రెండొందల యాభై గుర్తుపెట్టుకోండి, మళ్ళ వస్తది.

1983 జనవరి 5న పోలింగు. సైకిల్ గుర్తు మీద ముద్రలే ముద్రలు, మామ గెలిచిండు. 9వ తారీఖున లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం. మా ఊరోళ్ళం రెండు లారీల్లో వచ్చినం, లోపలికి పోయే సందు లేక బయట మైకులో విన్నం. ఎమ్మెల్యే బామ్మర్ది కూడా బయటనే నిలబడ్డడు పాపం.

హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఒక క్వార్టర్ ఇచ్చిండ్రు. పేరుకే మామది, అది మా తాలూకా సత్రం. రాత్రి పూట తలుపు నుంచి బాత్రూం దాకా మనుషులు పండుకుంటుండ్రి, లేచి నీళ్ళు తాగాలన్నా ఎవరి కాళ్ళు తొక్కుతనో అని భయం. ఉస్మానియాలో చూపించుకునేటోళ్ళు, గాంధీలో ఆపరేషన్ అయినోళ్ళ చుట్టాలు, ఇంటర్వ్యూకొచ్చిన పిల్లలు, కోర్టు వాయిదాకొచ్చినోళ్ళు. అత్తమ్మ ఊరి నుంచి నెలకు రెండు బస్తాల బియ్యం పంపేది, అయినా నెలాఖరుకు గోళెం అడుగు కనపడేది. కూర ఎప్పుడూ పప్పే. పప్పు వండేది కూడా నేనే, పీఏ అంటే ఏమనుకున్నరు.

ఇప్పటోళ్ళకు ఒక సంగతి చెప్పాలె. ఎంపీ నిధులే 1993లో మొదలైనయ్. మామ టైంలో ఎమ్మెల్యేకు ఫలానా ఊర్లో బోరు వేయించనీకి సొంతంగ ఖర్చుపెట్టే పైస లేదు. ఉన్న ఆస్తి ఒక్కటే, లెటర్ ప్యాడ్. ఎవరొచ్చినా లెటరే. ఆస్పత్రిలో బెడ్డుకు లెటర్, గ్యాస్ కనెక్షన్‌కు లెటర్, టెలిఫోన్‌కు లెటర్, తిరుపతి దర్శనానికి లెటర్, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు, ఊరికి రాని బస్సుకు, బదిలీకి, బదిలీ ఆపుడుకు. మామ చెప్తుంటే నేను రాసేది, ఆయన సంతకం పెట్టేది, నేను ఔట్‌వార్డ్ రిజిస్టర్‌లో నంబరేసి తారీఖేసి ఎవరికి ఎందుకు అని ఒక లైన్ రాసేది. సొసైటీలో పనిచేసిన మనిషి కదా, రిజిస్టర్ లేకుంటే ఆయనకు నిద్ర పట్టదు. మొత్తం మూడు వేల నంబర్లు దాటింది. అందులో పని అయినయి ఎన్నో, కాలేదన్నయి ఎన్నో అప్పుడప్పుడు టిక్కు పెట్టేది, టిక్కులు తక్కువే ఉంటయ్ లెండి.

ఇంక అసలు ముచ్చట. 1984 యాసంగి.

కాల్వ కింద వ్యవసాయం చేసినోళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, తెల్వనోళ్ళకు చెప్త. సాగర్ కాల్వలకు ఇందిరాగాంధీ నీళ్ళొదిలింది 1967లో. కాగితం మీద మా ఊర్లు ఆయకట్టులో ఉన్నయ్, శిస్తు కూడా కట్టించుకుంటరు. కాని నీళ్ళు పైనుంచి రావాలె కదా, పైన ఊర్లోళ్ళు రాత్రిపూట తూములు వెడల్పు చేస్తరు, పైపులేస్తరు, ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకుంటరు. నీళ్ళు వంతులవారీగ వదిలినా మా వంతు వచ్చేసరికి పైన షట్టర్లు లేచే ఉంటయ్. కింది ఊర్లల్ల వరి పొట్ట మీదుంది, మడి నెర్రెలు బారింది, ఇంకో వారం ఆగితే గడ్డికి కూడా పనికిరాదు. రోజుకు ఇరవై మంది క్వార్టర్‌కు వచ్చి కూర్చుంటున్నరు. మామ ఇంజనీర్లకు లెటర్ రాసిండు, కలెక్టర్‌కు రాసిండు, మీటింగుల్లో మాట్లాడిండు. అందరూ 'చూస్తం సార్' అన్నోళ్ళే.

ఒకరోజు పొద్దుగూకినంక, జీపు తీయరా అన్నడు. ఎక్కడికంటే చెప్పలే. రాత్రి పదకొండింటికి మేజర్ కాల్వ దగ్గర రెగ్యులేటర్ కాడికి పోయినం. కాల్వ షట్టర్లు చూసుకునే సర్కారు మనిషి, లష్కర్ అంటరు, అక్కడే గుడిసెలో పండుకున్నడు, లేపిండు. షట్టర్లు తిప్పే రాడ్డు ఏదిరా అన్నడు. లష్కర్ గజగజ వణుకుతున్నడు, సార్ నా నౌకరి పోతది, పిల్లలు గలోన్ని అని కాళ్ళు పట్టుకుంటున్నడు. మామ టార్చి నా చేతికిచ్చి పంచె ఎగ్గట్టి తానే దిగిండు. రైతు మనిషే గాని షట్టర్ తిప్పుడు అలవాటు లేదు, గ్రీజు లేక బిగుసుకుపోయింది, ఇద్దరం పట్టి తిప్పితే పళ్ళ చప్పుడు ఆ రాత్రిలో ఊరంత వినపడేటట్టు కిర్రుమన్నది. పై ఊర్లకు పోయే రెండు షట్టర్లు దించినం. దించి ఆ రాడ్డు తీసి కండువల చుట్టి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నడు, చంటిపిల్లను పట్టుకున్నట్టు.

గంట గడవకముందే పై ఊరోళ్ళు వచ్చిండ్రు, టార్చీలు, కట్టెలు. ముందు నిలబడ్డది ఎవరంటే ఎలక్షన్లో మాకు బూత్ ఏజెంటుగ కూర్చున్నాయన.

"అన్నా, నిన్ను గెలిపించింది మా ఊరు. ఓట్లు లెక్క తీసుకో."

"తీసుకున్న తమ్మీ. ఓట్లకు మీకు బాకీ ఉన్న. నీళ్ళకు మాత్రం బాకీ లేను" అన్నడు మామ, కూర్చున్న కాడ్నుంచి లేవకుంట.

చాలా సేపు మాటలు నడిచినయ్. బూతులు కూడా. ఒకాయన రాయి తీసిండు, పక్కనున్నోళ్ళు గుంజుకున్నరు. ఎమ్మెల్యే అని ఆగిండ్రో, రాత్రి పూట కాల్వ గట్టు మీద ఒంటరిగ కూర్చున్న మనిషిని చూసి ఆగిండ్రో నాకైతే ఇప్పటికీ అర్థం కాలే. మామ అక్కడ మూడు రాత్రులున్నడు. పగలు నేను రాడ్డు కాపలా, ఆయన జీపులో గట్టెంబడి తిరిగి పైపులు పీకించుడు. మూడో రోజు మధ్యాహ్నం మా చివరి మైనర్‌లకు, అంటే చిన్న పిల్లకాల్వలకు, నీళ్ళొచ్చినయ్. ముందు నురగ, ఎండుటాకులు, చెప్పులు, చెత్త, దాని వెనకాల ఎర్రనీళ్ళు మెల్లగ పాక్కుంట వచ్చినయ్, పిల్లలు ఆ నురగ ముందు ఉరుకుతున్నరు. మామ నీళ్ళను చూడలే, జీపు వెనక సీట్లో బోర్ల పడి నిద్రపోయిండు.

పోయే ముందు లష్కర్‌కు ప్యాడ్ మీద ఒక లెటర్ రాసిచ్చిండు, నాతోనే రాయించిండు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ గారికి, షట్టర్లు దించింది నేనే, లష్కర్‌కు ఇందులో ఎట్లాంటి బాధ్యత లేదు, మీద పడే చర్య ఏదైనా నా మీద తీసుకోగలరు, అని. నేను జీపు బానెట్ మీద రిజిస్టర్ పెట్టి నంబరేసిన. రిజిస్టర్ అక్కడికి కూడా పట్టుకుపోయినమా అంటే, పట్టుకుపోయినం.

ఇది కరెక్టు పనేనా అని నన్ను అడిగితే, ఎమ్మెల్యే చట్టాలు చేసేటోడు, సర్కారు షట్టర్ సొంతంగ తిప్పొద్దు. కాని చెప్పేటోళ్ళందరికీ చెప్పినంక ఇంకేం చేయాల్నో కూడా నాకు తెల్వదు. ఒకటి మాత్రం నిజం, మామ రాజకీయం ఆ రాత్రే అయిపోయింది. పై ఊర్లు పెద్దయి, ఓట్లు ఎక్కువ. కింది ఊర్లు చిన్నయి. ఈ లెక్క నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగ తెలుసు.

దానికి తోడు తరతరాలుగ ఊరి శిస్తు, భూమి లెక్కలు చూసే పటేల్ పట్వారీల సంగతి. 1984 జనవరిలనే సర్కారు ఆర్డినెన్స్ తెచ్చి తీసేసింది వాళ్ళను. మామ గట్టిగ సమర్థించిండు. మా ఊరి పటేలు ఎవరనుకున్నరు, అత్తమ్మకు సొంత పెద్దనాయన. ఆ ఏడు సంక్రాంతికి పుట్టింటి నుంచి పిలుపు రాలేదు. అత్తమ్మ నాలుగేళ్ళు పుట్టింటి గడప తొక్కలే. మామ మీద దానికి ఒక్క మాట అనలేదు గాని, పండుగ రోజు వంటింట్లో గిన్నెలు మటుకు గట్టిగ చప్పుడయ్యేవి.

మళ్ళ ఆఫీసు సంగతికొస్త. తారీఖు తెలుసుకోవాలె కదా, మా బిడ్డ అసెంబ్లీ పాత చర్చల స్కాన్ పేజీలు ఫోన్‌లో తీసిచ్చింది. తెలుగు అక్షరాలు కాబట్టి పేరు కొట్టి వెతికితే దొరకదు, పేజీ పేజీ తిప్పాల్సిందే. తొమ్మిది రాత్రులు తిప్పిన. కళ్ళు పోయినయ్ గాని నాకు మంచిగనే అనిపించింది. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో, ఒకరు ఉర్దూలో, ఎవరు ఎట్ల మాట్లాడితే అట్ల అచ్చేసిండ్రు. మామ పేరు దొరికింది. మొత్తం నాలుగు చోట్ల, అంతే. అందులో ఒకటి కాల్వ మీద ప్రశ్న. ఎడమ కాలువ చివరి భూములకు నీరు అందడం లేదన్న విషయం ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వచ్చినచో తీసుకున్న చర్యలేమి. జవాబు: (ఎ) లేదండి. (బి) ప్రశ్న ఉత్పన్నం కాదు.

దాని కింద మామ అనుబంధ ప్రశ్న. "అధ్యక్షా, దృష్టికి రాలేదంటున్నరు, నేను జీపు పెడత, రమ్మనండి." పక్కన బ్రాకెట్లో నవ్వులు అని ఉంది. అంతే. తర్వాత ఇంకో ప్రశ్నకు పోయిండ్రు. ఆ రోజు నేను గ్యాలరీలో ఉన్న. నవ్వులు అని రాసిండ్రు గాని అది ఎగతాళి నవ్వు కాదు, మా పక్క సభ్యులు కూడా నవ్విండ్రు, మామ కూడా నవ్వి కూర్చున్నడు. బయటికొచ్చినంక మటుకు, ప్రశ్న ఉత్పన్నం కాదంట రా, అని రెండుసార్లు అనుకున్నడు. మూడు రాత్రుల సంగతి ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు, ఎందుకుంటది.

ఆగస్టు సంక్షోభం అందరికీ తెలిసిందే, తొందరగ చెప్త. 16 ఆగస్టు 1984న రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ తీసేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించిండు. మామ ఒక చేతిసంచి పట్టుకుని నాచారం రామకృష్ణా స్టూడియోకు పోయిండు, అక్కడ్నుంచి అందరితో పాటు ఢిల్లీ, అక్కడ్నుంచి కర్ణాటకల నంది హిల్స్. నేను క్వార్టర్‌లో ఒక్కన్నే. ఫోను మోగుతనే ఉండేది. సఫారీ డ్రెస్సులేసుకున్నోళ్ళు ఇద్దరు రెండు పూటలు వచ్చిండ్రు, మీ మామ ఎక్కడుండు, ఒకసారి మాట్లాడించు, నీకు కూడా మంచి నౌకరి చూద్దాం అన్నరు. నాకు నౌకరి లేదని వాళ్ళకెట్ల తెలుసో. పప్పు తిని పోండ్రి అన్న, కూర్చోలేదు.

ఒకనాడు మామ నుంచి ట్రంకాల్. రాష్ట్రమంత ఏమైతదో అని ఉడికిపోతుంది, ఈయన అడిగింది రెండే. "కాల్వ వదిలిండ్రా? నాట్లు ఎందాక వచ్చినయ్?" మూడు నిమిషాలు అయిపోయి లైన్ కట్టయింది.

సెప్టెంబర్ 16న రామారావు మళ్ళ ముఖ్యమంత్రి అయిండు, మామ క్వార్టర్‌కు వచ్చిండు, రెండు కిలోలు తగ్గిండు. ఇంక మూడేళ్ళు నిమ్మళంగ ఉంటదనుకున్నం. నవంబర్‌లో సభనే రద్దు చేసి ఎలక్షన్లకు పోయిండ్రు. ఇగో ఇదే నా చిక్కుకు జవాబు. సభ రద్దయింది 1984 నవంబర్ 22, ఎలక్షన్లు 1985 మార్చిలో. మధ్యల మూడున్నర నెలలు మామను ఊరంత ఎమ్మెల్యే అనే పిలిచింది, ఎవరో గుమాస్తా కూడా అట్లనే అనుకుని 85 అని రాసి ఉంటడు.

85లో టికెట్ రాలేదు. ఎందుకు ఇయ్యలేదో ఎవరూ చెప్పలే. పై ఊరోళ్ళు, పటేలు వాళ్ళు కలిసి హైదరాబాద్ వచ్చిపోయిండ్రని మాత్రం విన్నం. అక్కడితో ఊరుకుంటే బాగుండు. కింది ఊర్ల పిల్లలు ఎగేసిండ్రు, నువ్వు నిలబడు మామా మేం చూసుకుంటం అని. మామ ఇండిపెండెంట్‌గ నిలబడ్డడు. ఆయన చేసిన పెద్ద తప్పు అదే, నేను అప్పుడే చెప్పిన, వినలే. పోలైన ఓట్లల్ల ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతది. పోయింది, రెండొందల యాభై. నీళ్ళు పారిన ఊర్లల్ల కూడా సగం ఓట్లు సైకిల్‌కే పడ్డయ్. నాకు కోపం ఆగలే, వీళ్ళకోసమా నువ్వు మూడు రాత్రులు గట్టు మీద కూర్చున్నది అని అరిచిన. "రామారావును చూసి వేసిండ్రు లేరా. పోయినసారి నాకు కూడా ఆయన్నే చూసి వేసిండ్రు కదా" అన్నడు. అన్నం పెట్టమని అత్తమ్మను పిలిచిండు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు వ్యవసాయమే. ఆర్టీసీ పాసు ఒకటి ఉండేది, మాసిన పంచెతోని వెనక సీట్లో కూర్చుని పాసు చూపిస్తే కొత్త కండక్టర్లు నమ్మేది కాదు, పాసు వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి. మిగిలిపోయిన లెటర్ ప్యాడ్లు ఆయన పారెయ్యలేదు. 'శాసనసభ్యులు' అన్న అక్షరాల ముందు పెన్నుతో గుర్తు పెట్టి పైన 'మాజీ' అని రాసి, అదే ప్యాడ్ మీద ఆఖరుదాకా జనానికి లెటర్లు రాసిచ్చిండు. వాటికి ఎవరు విలువ ఇచ్చేది అంటారా, ఒక్కోసారి పని అయ్యేది కూడా. తర్వాత ఎలక్షన్లో గెలిచినోళ్ళ ఇండ్లకు పోతే లోపలికి రానియ్యరు, ఇక్కడ అరుగు ఉంది కదా అని వచ్చేటోళ్ళు.

అత్తమ్మ ట్రంకు పెట్టెలో వెతికితే 83లో రిటర్నింగ్ ఆఫీసర్ ఇచ్చిన గెలుపు సర్టిఫికెట్ దొరికింది, నేను రాసిన రిజిస్టర్లు మూడు దొరికినయ్, చెదలు ఒక దానికి అంచు తిన్నది. సభ రద్దయిన తేదీ ఆధారం, ఈ సర్టిఫికెట్ జిరాక్సు, పేరు కోసం నోటరీ అఫిడవిట్, ఇవన్నీ పట్టుకుని మళ్ళ పోయిన. ఆ రోజు అత్తమ్మను కూడా తీసుకపోయిన, మనిషి కనపడాలన్నరు. వీల్‌చైర్ లేదు, మెల్లగ నడిపించిన. పిల్లగాడు ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, మాటల్లో మాటగ నవ్వుకుంట అడిగిండు, "అమ్మా, మీ ఆయన ఎప్పటిదాకా ఎమ్మెల్యే?"

"పోయేదాకా" అన్నది అత్తమ్మ.

పిల్లగాడు నా దిక్కు చూసిండు. నేను 22 నవంబర్ 1984 అని రాసుకో బాబూ అన్న. రాసుకున్నడు. ఏ తారీఖైనా పెన్షన్ లెక్క ఏం మారదట, కాగితాలన్నిట్ల తారీఖు ఒకటే ఉండాలట, అంతే. దానికి నా తొమ్మిది రాత్రులు పోయినయ్. మీ ఇండ్లల్ల పెన్షన్ తీసుకునే పెద్దలుంటే ఒక మాట, వాళ్ళు బతికుండంగనే భార్య పేరు పెన్షన్ కాగితంలో, ఆధార్‌లో, బ్యాంకులో ఒక్కతీరుగ ఉందో లేదో చూసుకోండి, జాయింట్ అకౌంట్ చేయించండి. మాకు ఆ 'అమ్మ' ఒక్కదానికే నెల పట్టింది.

పెన్షన్ పడ్డది. సంవత్సరీకానికి ఊరికి పోయినప్పుడు ఆ లష్కర్ వచ్చిండు, డెబ్బై దాటింది, నడుము వంగిపోయింది. భోజనం అయినంక పక్కకు పిలిచి అంగీ లోపలి జేబులకెల్లి ఒక ప్లాస్టిక్ కవర్ తీసిండు. మామ లెటర్. మడతల కాడ చిరిగితే సెలోటేప్ వేసిండు, నా చేతిరాత, నేనేసిన నంబరు. నీకు నోటీసు వచ్చినప్పుడు ఇది చూపించి బయటపడ్డవా అని అడిగిన.

"నోటీసు వచ్చింది. వారం రోజులు జీతం కోసిండ్రు. ఇది ఎవ్వరికి ఇయ్యలే" అన్నడు. "ఇస్తే ఆయన మీద కేసైతది కదా పటేలా."

నా రిజిస్టర్‌లో ఆ నంబరు పక్కన టిక్కు పెట్టి ఉంది. నేనే పెట్టిన, పని అయింది అనుకుని. మామ కూడా అట్లనే అనుకుని ఉంటడు.

లెటర్ ఒకసారి ఇయ్యి, జిరాక్సు తీయించుకుని ఇస్త అన్న. "ఊర్లో మిషన్ ఖరాబైంది. ఫోన్ల ఫోటో తీస్కో, కాగితం మాత్రం ఇయ్యను" అని మళ్ళ మడత పెట్టుకున్నడు.